బాలీవుడ్ డిస్కో పాటలు ఎలా వినాలి, ఎక్కడ మొదలెట్టాలి: పూర్తి గైడ్

డిస్కో పాట అనగానే మనలో చాలామందికి ముందు బొమ్మ కనిపిస్తుంది, పాట తర్వాత వినిపిస్తుంది. మిథున్ చక్రవర్తి తళతళలాడే డ్రెస్సు, కింద వెలిగే ఫ్లోరు, పైన తిరిగే అద్దాల బంతి, సంగీత దర్శకుడు బప్పీ లహరి మెళ్ళో బంగారం. ఇవన్నీ గుర్తొచ్చి నవ్వేసి, పెళ్ళి సంగీత్‌లో ఒక్కసారి ఊగేసి వదిలేస్తాం. ఆ పాటల్ని వాయించింది బొంబాయిలో అప్పట్లో ఉన్న గొప్ప వాద్యకారులు, ఆ సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. నేను చెప్పేది ఒక్కటే, ఈ పాటల్ని కొన్నాళ్ళు చూడ్డం మానేసి వినండి. ఎలా వినాలో, ఏది ముందు ఏది తర్వాతో, పాత రికార్డులు కొనాలంటే ఏం చూసుకోవాలో అన్నీ వరుసగా చెప్తా.

ముందు కాస్త చరిత్ర, ఎక్కువ కాదు లెండి. డిస్కో పుట్టింది అమెరికాలో, 70ల్లో, న్యూయార్క్, ఫిలడెల్ఫియా లాంటి చోట్ల నల్లజాతి వాళ్ళూ లాటినోలూ గే జనాలూ కలిసి డాన్స్ చేసే క్లబ్బుల్లో. 1977లో సాటర్డే నైట్ ఫీవర్ సినిమాతో ప్రపంచమంతా పాకింది. 1979 జూలై 12న షికాగోలో ఒక బేస్‌బాల్ స్టేడియంలో జనం డిస్కో రికార్డులు తెచ్చి కుప్ప పోసి పేల్చేశారు, అక్కడ దాని పని ఐపోయిందన్నారు. సరిగ్గా అదే టైముకి బొంబాయిలో మొదలైంది. అక్కడ వద్దనుకున్నదాన్ని ఇక్కడ మన వాళ్ళు తీసుకుని, ఢోలక్ కలిపి, యాభై అరవై మంది ఆర్కెస్ట్రా కలిపి, ఇంకో ఏడెనిమిదేళ్ళు బతికించారు.

మొదటి మెట్టు: స్క్రీన్ ఆఫ్, హెడ్‌ఫోన్ ఆన్

ఫోన్ స్పీకర్లో ఈ పాటలు వినొద్దు, నిజంగా వినొద్దు. డిస్కోకి ప్రాణం బేస్ గిటార్, ఆ చిన్న స్పీకర్లో అది అస్సలు పలకదు, మీకు వినిపించేది గొంతు, చప్పట్లు అంతే. మామూలు వైర్ హెడ్‌ఫోన్ చాలు, ఖరీదైనది అక్కర్లేదు. వీడియో పెట్టుకున్నా ఫోన్ బోర్లా తిప్పేయండి.

ఒక్కో పాట వరసగా మూడుసార్లు వినండి. మొదటిసారి బేస్ వెంటే వెళ్ళండి, గొంతు ఏం పాడుతోందో పట్టించుకోవద్దు. రెండోసారి దరువు: డ్రమ్స్, చేత్తో వాయించే కాంగా, బోంగో, ఢోలక్, తబలా, ఏది ఎక్కడ వస్తోంది ఎక్కడ తప్పుకుంటోంది. మూడోసారి వయొలిన్లు, ట్రంపెట్లు. నాలుగోసారి ఎలాగూ మీరే పెట్టుకుంటారు, అప్పుడు గొంతు వినండి. మూడుసార్లా అనిపిస్తుంది గానీ పాట ఐదారు నిమిషాలే, ఇరవై నిమిషాల్లో ఐపోతుంది, ఆ తర్వాత ఆ పాట మీకు మునుపటిలా మాత్రం వినిపించదు.

రెండో మెట్టు: బీటు పట్టుకోవడం

డిస్కో బీటు పట్టుకోవడం చాలా ఈజీ. నాలుగు లెక్కపెట్టండి. ప్రతి అంకె మీదా కిక్ డ్రమ్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) ధమ్, ధమ్, ధమ్, ధమ్ అని పడుతుంది, ఒక్కటీ వదలదు. రెండు మీదా నాలుగు మీదా చప్పట్లో స్నేర్ డ్రమ్మో పడుతుంది. అంకెకీ అంకెకీ మధ్య ఖాళీలో హై-హ్యాట్ (డ్రమ్ సెట్‌లో జంటగా ఉండే ఇత్తడి పళ్ళాలు) తెరుచుకుని 'ట్స్' మంటాయి. ఆ ట్స్ వినపడింది అంటే మీకు డిస్కో దొరికినట్టే. వేగం తెలియాలంటే పదిహేను సెకన్లలో ఎన్ని ధమ్‌లు పడ్డాయో లెక్కేసి నాలుగుతో గుణించండి, 110 నుంచి 125 మధ్య వస్తే అది మంచి డాన్స్ స్పీడు.

ఇప్పుడు మన వాళ్ళు చేసిన పని చూడండి. హిందీ సినిమా పాటకి ఎప్పట్నుంచో వాడుతున్న కహర్వా తాళం ఎనిమిది మాత్రలది, డిస్కో నాలుగులో అది తేలిగ్గా ఇమిడిపోతుంది. అందుకే కింద డ్రమ్ సెట్ ధమ్ ధమ్ అంటుంటే పైన ఢోలక్కో తబలానో కహర్వా నడిపిస్తుంటే రెండూ కొట్టుకోవు. చరణం మొదలవగానే డ్రమ్స్ కాస్త తగ్గి ఢోలక్ పైకి రావడం, మళ్ళీ పల్లవికి రాగానే కిక్ తిరిగి రావడం, ఇది పాట తర్వాత పాటలో వింటారు. అమెరికన్ డిస్కోలో ఒకే బీటు పాటంతా అలాగే సాగుతుంది. మనది సినిమా పాట కాబట్టి దానికి పల్లవి, ఇంటర్‌లూడ్ (మధ్యలో వచ్చే వాద్యాల ముక్క), చరణం అనే గదులుంటాయి, ఒక్కో గదిలో ఒక్కో వెలుతురు. నాకైతే మన పద్ధతే ఎక్కువ ఇష్టం.

మూడో మెట్టు: 1980తో మొదలెట్టండి

ఈ ఏడాదితోనే ఎందుకంటే ఒకే సంవత్సరంలో నాలుగు రకాల డిస్కో వచ్చింది, నాలుగూ పక్కపక్కన పెట్టి వింటే తేడా చెవికి తెలిసిపోతుంది.

మొదటిది కుర్బానీ సినిమాలో 'ఆప్ జైసా కోయీ'. సంగీతం బిద్దూ. ఈయన బెంగళూరు మనిషి, కుర్రతనంలోనే లండన్ వెళ్ళిపోయి 1974లో కార్ల్ డగ్లస్ పాడిన కుంగ్ ఫూ ఫైటింగ్ ప్రొడ్యూస్ చేసి అక్కడ పెద్ద పేరు తెచ్చుకున్నాడు. కుర్బానీ తీసిన ఫిరోజ్ ఖాన్ అడిగితే ఈ ఒక్క పాట చేసిచ్చాడు, లండన్లోనే రికార్డింగ్. పాడింది పాకిస్తానీ అమ్మాయి నాజియా హసన్, వయసు పదిహేనేళ్ళు. ఆ గొంతు వినండి ఒకసారి, ఎక్కడా అరవదు, గమకాలు వెయ్యదు, ఏదో తనలో తను అనుకుంటున్నట్టు కొంచెం ముక్కుతో పాడుతుంది, అదే గొంతు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు రెండు పొరలుగా వినిపిస్తుంది. అప్పటిదాకా హిందీ సినిమాలో ఆడగొంతు అంటే లతా, ఆశా స్థాయి సన్నటి పై స్వరం, దాని పక్కన ఇది పూర్తిగా కొత్త. ఆ అమ్మాయికి ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది. దీంట్లో వాయిద్యాలు తక్కువ, ఖాళీ ఎక్కువ, ప్రతిదీ విడివిడిగా వినపడుతుంది. మొదటి పాఠానికి దీన్ని మించింది లేదు.

రెండోది అదే సినిమాలో 'లైలా ఓ లైలా'. మిగతా పాటలన్నీ కల్యాణ్‌జీ ఆనంద్‌జీవి. పాడింది కంచన్, అమిత్ కుమార్. బిద్దూ పాట విన్న వెంటనే ఇది పెట్టండి, బొంబాయి డిస్కో అంటే ఏంటో అర్థమవుతుంది, దరువు మందం, సందడి ఎక్కువ. కల్యాణ్‌జీ ఆనంద్‌జీల తమ్ముడు బాబ్లా దరువు వాద్యాల మనిషి, కంచన్ ఆయన భార్య. ఈ బాబ్లాయే తర్వాత డిస్కో దాండియా అని రికార్డులు చేశాడు, గర్బా పాటలకి డిస్కో బీటు వేసి. నవరాత్రికి అవి వెతికి పట్టుకోండి.

మూడోది కర్జ్‌లో 'ఓం శాంతి ఓం', లక్ష్మీకాంత్ ప్యారేలాల్. కిషోర్ కుమార్ జనాన్ని ఎప్పుడైనా ఎవర్నైనా ప్రేమించారా అని అడుగుతుంటే జనం ఒక్క గొంతుతో అరిచి జవాబిస్తారు, అక్కణ్ణుంచే మనం ఆ హాల్లో ఉన్నట్టు ఉంటుంది. దీన్ని వయొలిన్ల కోసం వినండి. ప్యారేలాల్ స్వయంగా వయొలిన్ వాద్యకారుడు, వాళ్ళ నాన్న రాంప్రసాద్ శర్మ ట్రంపెట్ గురువు, ఆ ఇంట్లోంచి వచ్చిన మనిషి ఆర్కెస్ట్రా రాస్తే ఎలా ఉంటుందో ఇంటర్‌లూడ్ల దగ్గర తెలుస్తుంది, ఒక గుంపు ప్రశ్న వేస్తే ఇంకో గుంపు జవాబు చెప్తున్నట్టు తీగలు, ఇత్తడి వాద్యాలు మాట్లాడుకుంటాయి. అదే సినిమాలో 'ఏక్ హసీనా థీ' గిటార్ ముక్క కూడా వినండి, కథంతా ఆ ముక్క మీదే నడుస్తుంది.

నాలుగోది షాన్‌లో 'ప్యార్ కర్నే వాలే', ఆర్డీ బర్మన్, ఆశా భోంస్లే. 1977లో డోనా సమ్మర్ పాడిన ఐ ఫీల్ లవ్ ఛాయ దీంట్లో తెలుస్తూనే ఉంటుంది, అడుగున ఆగకుండా పరిగెత్తే ఆ సింథసైజర్ బేస్. కానీ పైన ఆశా గొంతు చేసే పని మాత్రం అచ్చంగా ఇక్కడిదే, ఊపిరిని కూడా ఒక వాయిద్యంలా వాడుతుంది ఆవిడ.

ఈ నాలుగూ ఒక వారం వినండి. తొందరేం లేదు.

నాలుగో మెట్టు: బప్పీ దా

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. బప్పీ లహరి (బెంగాలీలో దా అంటే అన్న) 1952లో జల్పాయిగురిలో పుట్టాడు, అమ్మానాన్న అపరేశ్ లహరి, బన్సురీ లహరి ఇద్దరూ గాయకులే, చిన్నప్పుడే తబలా పట్టాడు. డిస్కో రాకముందు 1976లో చల్తే చల్తే లాంటి మెత్తటి మెలడీలు చేసిన మనిషి. ఇది గుర్తుపెట్టుకుంటే ఆయన డిస్కో ఇంకోలా వినిపిస్తుంది, ఎందుకంటే ఎంత బీటు వేసినా కింద ట్యూన్ వదల్లేదు, బీటు తీసేసి హార్మోనియం మీద పాడుకున్నా నిలబడతాయి.

వరుస ఇలా పెట్టుకోండి. 1979లో సురక్ష, మిథున్ బప్పీల జోడీ జనానికి బాగా ఎక్కింది దాంతోనే. తర్వాత 1980లో ప్యారా దుష్మన్ నుంచి 'హరి ఓం హరి', 1981లో అర్మాన్ నుంచి 'రంబా హో', రెండూ ఉషా ఉతుప్ పాడినవి. ఈవిడ గొంతు గురించి ఒక మాట. బొంబాయిలో పెరిగిన తమిళావిడ, నైట్‌క్లబ్బుల్లో కంచిపట్టు చీర కట్టుకుని పాడిన మనిషి, ఆ గొంతులో బరువు, ఆ కింది స్వరం హిందీ సినిమాలో ఇంకెవరికీ లేదు. బేస్ గిటార్‌కీ ఆవిడ గొంతుకీ పొత్తు ఎలా కుదిరిందో హెడ్‌ఫోన్లో వినాలి, రెండూ ఒకే నేల మీద నడుస్తాయి.

ఆ తర్వాత 1982. ముందు నమక్ హలాల్. 'జవానీ జానేమన్', 'రాత్ బాకీ' రెండూ ఆశా. నన్నడిగితే బప్పీ దా డిస్కోలో అన్నిటికన్నా నాణ్యమైన రికార్డింగ్ 'జవానీ జానేమన్', అందులో బేస్ లైన్ ఒక్కటే విడిగా తీసి పెట్టినా వినొచ్చు. పాట నిలబడింది పూర్తిగా దాని మీదే, ఆశా ఆ బేస్‌తో ఆడుకుంటూ ఒకచోట ముందు, ఒకచోట కొంచెం వెనక పాడుతుంది.

అప్పుడు డిస్కో డాన్సర్, బబ్బర్ సుభాష్ సినిమా. టైటిల్ పాట విజయ్ బెనెడిక్ట్ పాడాడు. డిస్కో అన్న ఇంగ్లీష్ మాటలో ఒక్కో అక్షరం విడగొట్టి డాన్స్, ఐటం, సింగర్, కోరస్, ఆర్కెస్ట్రా అని చెప్పుకుంటూ పోతుంది, చివరి మాట ఆర్కెస్ట్రా కావడం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఈ పాటల అసలు సంగతి అదే. అందరికీ తెలిసిన 'జిమ్మీ జిమ్మీ' ట్రినిడాడ్‌లో పుట్టిన పార్వతీ ఖాన్ పాడింది. సోవియట్ యూనియన్లో ఈ సినిమా ఆడిన తీరు చెప్పక్కర్లేదు, రాజ్ కపూర్ తర్వాత అక్కడ అంత పేరు మిథున్‌కే. కానీ మీరు మాత్రం అందులో 'యాద్ ఆ రహా హై' దగ్గర ఆగండి. బప్పీ దా స్వయంగా పాడాడు. ఏడుపు పాట, కింద మాత్రం డాన్స్ బీటు. ఆయన గొంతు గొప్ప గాయకుడి గొంతు కాదు, ఆ చిన్న పగులే పాటని మోస్తుంది. ఏడుస్తూ డాన్స్ చెయ్యొచ్చు అని నమ్మాలంటే ఈ పాట వినండి.

1987లో డాన్స్ డాన్స్, అలీషా చినాయ్ పాడిన 'జూబీ జూబీ'. అప్పటికి డ్రమ్ మెషీన్లు, సింథసైజర్లు ఆర్కెస్ట్రాని పక్కకి నెట్టేస్తున్నాయి. 1980 పాటతో పోల్చి వినండి, ఎంత మారిందో తెలుస్తుంది, నాకు ఇక్కడికి వచ్చేసరికి కొంచెం దిగులేస్తుంది.

కాపీ సంగతి

ఇది దాటేసి వెళ్ళలేం. డిస్కో డాన్సర్‌లో 'కోయీ యహా నాచే నాచే' వింటే బగుల్స్ వాళ్ళ వీడియో కిల్డ్ ద రేడియో స్టార్ గుర్తొస్తుంది, 'జిమ్మీ జిమ్మీ' వెనక ఒటావాన్ పాట ఉంది, 'హరి ఓం హరి' వెనక ఎరప్షన్ వాళ్ళ వన్ వే టికెట్ ఉంది, 'ఓం శాంతి ఓం' కూడా ట్రినిడాడ్ గాయకుడు లార్డ్ షార్టీ పాటలోంచి వచ్చిందే. అసలు వాళ్ళకి పేరు ఇవ్వకపోవడం తప్పు, అందులో రెండో మాట లేదు. ఐతే విని వదిలేయకుండా జంటలుగా పెట్టి వినండి, అసలు పాట ముందు, మన పాట తర్వాత. ఏ ముక్క తీసుకున్నారు, దానికి ఏం కలిపారు, చరణం మొత్తం కొత్తగా ఎక్కడ కట్టారు అన్నది రాసుకోండి. సంగీతం నేర్చుకోడానికి ఇంతకన్నా మంచి వ్యాయామం నాకు తెలీదు. ఇంకో వైపు కూడా ఉంది, 1981లో జ్యోతి సినిమాకి బప్పీ దా చేసి లతా పాడిన 'థోడా రేషమ్ లగ్తా హై' ముక్కని 2002లో అమెరికాలో ట్రూత్ హర్ట్స్ పాటలో అడక్కుండా వాడుకుంటే అది కోర్టుదాకా వెళ్ళింది.

ఐదో మెట్టు: సినిమా బయటికి

నాజియా, తమ్ముడు జొహేబ్ కలిసి బిద్దూతో చేసిన 1981 ఆల్బమ్ డిస్కో దీవానే మొదటినుంచి చివరిదాకా వినాలి, సినిమా లేకుండా కేవలం పాటల ఆల్బమ్ అంత నడవడం అప్పట్లో మామూలు విషయం కాదు. నాజియా 2000లో, ముప్పై ఐదేళ్ళకే కాన్సర్‌తో పోయింది.

తర్వాత రూపా అనే బెంగాలీ గాయని డిస్కో జాజ్, 1982, కెనడాలోని కాల్గరీలో రికార్డ్ చేశారు, సరోద్ వాయించింది ఆశిష్ ఖాన్. వచ్చినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, దశాబ్దాల తర్వాత ప్రపంచం వెతుక్కుంటూ వచ్చింది, 2019లో మళ్ళీ రికార్డుగా వేశారు.

ఇక చరణ్‌జిత్ సింగ్. సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించే మనిషి, 1982లో రోలాండ్ కంపెనీ ఎలక్ట్రానిక్ వాద్యాలు మూడు (జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808) ముందు పెట్టుకుని పది రాగాలని డిస్కో బీటు మీద వాయించి రికార్డు కంపెనీ హెచ్‌ఎంవీకి ఇచ్చాడు. ఆసిడ్ హౌస్ అని తర్వాత షికాగోలో పుట్టిన సంగీతం అచ్చం ఇలాగే ఉంటుంది, ఈయన అంతకు ముందే చేశాడు, ఎవరికీ తెలీదు, 2010లో మళ్ళీ బయటికొచ్చాక తెలిసింది. మనవాళ్ళకి ఇది ఎక్కడానికి దగ్గరి దారి ఉంది: అందులో భూపాలీ అంటే మన మోహన, మాల్‌కౌన్స్ అంటే హిందోళం, యమన్ అంటే కల్యాణి. ముందు మీకు తెలిసిన హిందోళం కృతి ఒకటి విని, వెంటనే ఆ మాల్‌కౌన్స్ పెట్టండి. మాటల్లో చెప్పలేను, వినాల్సిందే.

మన తెలుగు వైపు

ఈ గాలి మనకీ తగిలింది. డిస్కో డాన్సర్‌నే 1984లో బాలకృష్ణతో డిస్కో కింగ్‌గా తీశారు, సంగీతం చక్రవర్తి. కృష్ణ గారి ఊరుకి మొనగాడు 1983లో హిందీలో హిమ్మత్‌వాలా అయ్యింది, రాఘవేంద్రరావు గారే డైరెక్టర్, జితేంద్ర, శ్రీదేవి, పాటలు బప్పీ దావి. ఆ పరిచయమే ఆయన్ని 1986లో సింహాసనంకి తెచ్చింది, 'ఆకాశంలో ఒక తార' ఇప్పుడు హెడ్‌ఫోన్లో వినండి, రాజుల కథలో డాన్స్ బీటు. అక్కణ్ణుంచి స్టేట్ రౌడీ, గ్యాంగ్ లీడర్, రౌడీ అల్లుడు. 'వాన వాన వెల్లువాయె' మీలో ఎంతమందికి కంఠతా వచ్చో నాకు తెలుసు, అది చేసిన చెయ్యే 'జవానీ జానేమన్' కూడా చేసింది. 2022 ఫిబ్రవరిలో ఆయన పోయినప్పుడు ఇక్కడ కూడా సొంతమనిషి పోయినట్టు బాధపడింది అందుకే.

అసలు పాటే వింటున్నారా చూసుకోండి

యాప్‌లో పాట పేరు కొడితే పది రకాలు వస్తాయి. రీమిక్స్, లోఫై, రీక్రియేటెడ్, అన్నిటికన్నా మోసం చేసేది ఝంకార్ బీట్స్. కాసెట్ల కాలంలో పాత పాట మీద అదనంగా ఎలక్ట్రానిక్ డ్రమ్స్ తగిలించి అమ్మేవాళ్ళు, అదే ఇప్పటికీ ఒరిజినల్‌లా తిరుగుతోంది. గుర్తుపట్టడం ఎలా అంటే, డ్రమ్స్ పాటకన్నా గట్టిగా, ఒకే మోతలో, పాట మెత్తబడే చోట కూడా తగ్గకుండా కొడుతుంటే అది ఝంకారే. ఒరిజినల్లో మనుషులు వాయించారు కాబట్టి దరువు పాటతో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. సినిమా పేరు, విడుదలైన ఏడాది, గాయకుల పేర్లు మూడూ సరిపోయాకే సేవ్ చేసుకోండి. సినిమా వీడియోలో పాట ఒక్కోసారి కత్తిరించి ఉంటుంది, రికార్డు వెర్షన్లో ముందు మ్యూజిక్ పూర్తిగా ఉంటుంది, అదే కావాలి మనకి.

ఆఖరి మెట్టు: రికార్డు కొనడం

ఇది అందరికీ అక్కర్లేదు, కానీ పిచ్చి పట్టాక ఎలాగూ ఇక్కడికే వస్తారు. హైదరాబాద్‌లో జుమ్మేరాత్ బజార్, ఎర్రగడ్డ ఆదివారం సంత, ముంబైలో చోర్ బజార్, కోల్‌కతాలో ఫ్రీ స్కూల్ స్ట్రీట్ తిరగొచ్చు. ఎల్పీ అంటే పెద్దది, నిమిషానికి 33⅓ తిప్పులు, ఈపీ అంటే ఏడు అంగుళాల చిన్నది, 45 తిప్పులు. డిస్కో ఈపీలు చవగ్గా దొరుకుతాయి, ముందు వాటితో మొదలెట్టండి.

కొనేముందు రికార్డుని కవర్లోంచి తీయించి, అంచులు పట్టుకుని, ఎండకి వాలుగా పెట్టి చూడండి. సన్నటి వెంట్రుక గీతలు పర్లేదు. గోరుతో మెల్లగా తడిమితే తగిలే గీత ఉందంటే సూది అక్కడ ఎగురుతుంది, వద్దు. గాడులు నల్లగా నిగనిగలాడకుండా బూడిదరంగుకి తిరిగాయంటే బరువైన పాత సూదులతో అరిగిపోయింది, పైకి గీతలు లేకపోయినా పాట గరగరలాడుతుంది. చివరగా కంటి మట్టంలో అడ్డంగా పట్టుకుని వంపు ఉందేమో చూడండి. తెల్లటి బూజు మచ్చలు ఉంటే భయపడొద్దు, మన వానాకాలానికి అది మామూలే, చాలావరకు కడిగితే పోతుంది.

కడగడానికి డిస్టిల్డ్ వాటర్, అందులో ఒకట్రెండు చుక్కలు గిన్నెల సోపు లిక్విడ్, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ. గాడుల వెంబడి గుండ్రంగా తుడవాలి, అడ్డంగా కాదు, మధ్యలో లేబుల్ తడవకూడదు. మళ్ళీ ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి నిలబెట్టి ఆరబెట్టండి, ఎండలో మాత్రం వద్దు, వంగిపోతుంది. పాత కాగితం కవర్ తీసేసి కొత్త లోపలి కవర్ వెయ్యండి, బూజంతా ఉండేది ఆ కాగితంలోనే. దాచేటప్పుడు నిలువుగా పెట్టాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు.

ప్లేయర్ కొనేటప్పుడు సూది రికార్డు మీద ఎంత బరువు వేస్తుందో అడగండి. మంచి మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ (సూది బిగించి ఉండే ముక్క) ఐతే 1.5 నుంచి 2.5 గ్రాముల మధ్య పెట్టుకోవచ్చు. సూట్‌కేసు ఆకారంలో చవగ్గా వచ్చేవాటిలో చాలావాటికి ఇంతకన్నా బరువు పడుతుంది, మార్చుకునే వీలు కూడా ఉండదు, నలభై ఏళ్ళు నిలిచిన రికార్డుని వాటికింద పెట్టడం అన్యాయం. స్పీకర్లు గోడ మూలకి నెట్టకండి, బేస్ ముద్దైపోతుంది, ఒక అడుగు ముందుకి జరపండి. మొదటి రికార్డు ఏది కొనాలని అడిగితే మాత్రం నమక్ హలాల్ ఎల్పీ అంటాను, అమ్మేవాడు డిస్కో డాన్సర్‌కి ఎక్కువ రేటు చెప్పి దీన్ని తక్కువకి ఇచ్చేస్తే ఇంకా మంచిది.